షుగర్, బీపీ ఉన్న లాటినో ఇంటికి తొలిసారి వెళ్తుంటే

మన ఊళ్లలో ఆశా కార్యకర్త ఎలాగో, అమెరికా నగరాల్లోని లాటినో వాడల్లో, అంటే లాటిన్ అమెరికా దేశాల నుంచి వచ్చినవాళ్లుండే చోట్ల, ప్రొమొతొరా అలాగ. అదే వీధిలో ఉంటూ, అదే స్పానిష్ మాట్లాడుతూ, ఇంటికీ క్లినిక్‌కీ మధ్య తిరిగే ఆరోగ్య కార్యకర్త. చికాగోలోని లిటిల్ విలేజ్‌లో, లాస్ ఏంజెలెస్‌లోని బోయిల్ హైట్స్‌లో, ఫిలడెల్ఫియాలోని కెన్సింగ్టన్‌లో ఈ పని జరుగుతుంది. అక్కడి క్లినిక్‌ల్లో పనిచేసే తెలుగువాళ్లు, ప్రొమొతొరాలకు తోడుగా వెళ్లే మన విద్యార్థులు తొలి సందర్శనలోనే సలహాలు మొదలుపెడతారు. తలుపు రెండోసారి తెరుచుకోకపోవడానికి చాలాసార్లు అదే కారణం. ముందు చూడండి, లెక్కపెట్టండి, వినండి. సలహా ఆఖరున.

వెళ్లేముందు

చెప్పకుండా తలుపు తట్టొద్దు. ముందురోజు ప్రొమొతొరా గొంతుతో వాట్సాప్ వాయిస్ మెసేజ్ పంపండి. ఆదివారం ఉదయం చర్చి ఉంటుంది, వదిలేయండి. ముదురు రంగు జాకెట్, మెడలో పెద్ద బ్యాడ్జీ వద్దు. ఇమిగ్రేషన్ వాళ్లనుకుంటే ఇంట్లో ఉండి కూడా పలకరు. తట్టేటప్పుడే పేరు, క్లినిక్ పేరు బయటినుంచి చెప్పండి.

సంచిలో బీపీ మిషన్, దానికి రెండు పట్టీలు (చేతి చుట్టుకొలత 27–34 సెంటీమీటర్లకు ఒకటి, 35–44కు ఒకటి), కొలత టేపు, గ్లూకోమీటర్, గడువు దాటని స్ట్రిప్పులు, వారం రోజుల మాత్రల డబ్బా, మార్కర్ పెన్ను ఉండాలి. కనీసం గంట సమయం పెట్టుకోండి.

పెద్దావిడను ‘దోన్యా’ చేర్చి పేరుతో పిలవాలి, మనం ‘గారు’ అన్నట్టే. ‘తూ’ అంటే నువ్వు, ‘ఉస్తెద్’ అంటే మీరు. చిన్నవాళ్లొచ్చి ‘తూ’ అంటే పైకి ఏమీ అనకపోయినా మనసులో పెట్టుకుంటారు.

ఏ భాషో అడగండి

లాటినో అనగానే స్పానిష్ అనుకోవద్దు. గ్వాటెమాలా నుంచి వచ్చినవాళ్లకు కిచే, మామ్ భాషలు, మెక్సికోలోని ఓహాకా నుంచి వచ్చినవాళ్లకు మిష్‌తెకో సొంత భాష కావచ్చు. స్పానిష్‌లో ఏం అడిగినా ‘సీ, సీ’ (అవును, అవును) అని తలూపుతున్నారంటే అర్థం కాలేదేమో చూడండి. క్లినిక్ ఫోన్ దుభాషిని కలపండి. పిల్లలచేత అనువాదం చేయించొద్దు. అత్యవసరమైతే తప్ప కేంద్ర నిబంధన ఒప్పుకోదు, పైగా పన్నెండేళ్ల కొడుకు ముందు తల్లి తన రక్తస్రావం గురించి చెప్పదు.

ఒక్క మాట ఎంత పని చేస్తుందో 1980లో ఫ్లోరిడాలో తేలింది. స్పృహ తప్పిన 18 ఏళ్ల కుర్రాడి కుటుంబం ‘ఇంతొక్సికాదో’ అంది. తిన్నది పడక ఒంట్లో బాగోలేదని వాళ్ల ఉద్దేశం. ఆసుపత్రివాళ్లు దాన్ని ఇంగ్లిష్ ‘ఇంటాక్సికేటెడ్’గా విని, మత్తుమందు ఎక్కువైందనుకున్నారు. అసలు జరిగింది మెదడులో రక్తస్రావం. కాళ్లూ చేతులూ పడిపోయాయి.

మందులన్నీ బల్ల మీదికి

ఇంట్లో ఉన్న ప్రతి మందూ తెమ్మనండి. మెక్సికో నుంచి తెప్పించుకున్నవి, పక్కింటావిడ ఇచ్చినవి, కషాయం ఆకులు, పొడులు, అన్నీ. ఒక్కో సీసా తీసి పేరు, మోతాదు, కొన్న తేదీ రాసుకుని మాత్రలు లెక్కపెట్టండి. రోజుకొకటి చొప్పున 30 మాత్రలు, కొని 20 రోజులైంది, ఇంకా 22 ఉన్నాయనుకోండి. ఎనిమిదే వాడారు. “ఎందుకు వేసుకోవట్లేదు?” అంటే నేరం మోపినట్టుంటుంది. “ఇవి ఎన్నాళ్లు రావాలని చూస్తున్నారు?” అని అడగండి. డబ్బుకు చూసుకుని పొదుపుగా వాడుతున్నారా, షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ పరగడుపున వేసుకుంటే కడుపు తిప్పుతోందా, అప్పుడు బయటికొస్తుంది.

లేబుల్ వాళ్లచేతే చదివించండి. ఇంగ్లిష్‌లో ‘వన్స్’ (once) అంటే ఒకసారి. అవే అక్షరాలు స్పానిష్‌లో ‘ఓన్సే’, అంటే పదకొండు. బీపీ మాత్ర రోజుకు ఒకటా, పదకొండా అన్నది ఆ నాలుగు అక్షరాల మీద ఆధారపడుతుంది. స్పానిష్ లేబుల్ ఇవ్వమని ఫార్మసీని అడగండి. ఇంగ్లిష్, స్పానిష్ కలిపి అచ్చైన లేబుళ్లను ఇంకా జాగ్రత్తగా చూడండి. మీ అంతట మీరు డాక్టరు రాసిన ఏ మందూ ఆపమనొద్దు, నర్సుకు ఫోన్ చేయండి.

నారింజ రంగు పొడి కనిపిస్తే అది ‘అసర్కోన్’ కావచ్చు, పసుపు రంగుదైతే ‘గ్రెతా’. పిల్లల అజీర్తికి, అంటే ‘ఎంపాచో’కు వేస్తారు. రెండూ దాదాపు సీసమే. తిట్టారంటే మళ్లీసారి ఆ పొట్లం బల్ల మీదికి రాదు. వాడకం ఆపించి, పొట్లం క్లినిక్‌కు పంపి, ఇంట్లోని పిల్లలందరికీ సీసం రక్తపరీక్ష రాయించండి. డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాములు, ఆపైన ఉంటే వదిలేయకూడదు. మెరుగుపూత మట్టికుండల్లో పులుపు వండినా సీసం దిగవచ్చు. 1978కి ముందు కట్టిన ఇల్లయితే కిటికీల దగ్గర పెచ్చులూడే రంగు కూడా చూడండి.

బీపీ, షుగర్ కొలతలు

ఐదు నిమిషాలు కూర్చోబెట్టండి. వీపుకు ఆనుడు, పాదాలు నేలమీద, చెయ్యి గుండె ఎత్తులో, పట్టీ చొక్కా మీద కాకుండా చర్మం మీద. మాట్లాడనివ్వొద్దు. నిమిషం తేడాతో రెండుసార్లు చూడండి. లావు చేతికి చిన్న పట్టీ కడితే లేని బీపీ కనిపిస్తుంది, ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. 180/120 దాటి, ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబాటు, ఒక పక్క బలహీనత ఏది ఉన్నా అత్యవసర నంబరు 911కు ఫోన్ చేయండి. ఇవేవీ లేకపోతే కాసేపాగి మళ్లీ చూసి, అక్కడే కూర్చుని క్లినిక్‌తో మాట్లాడండి.

షుగర్ 70 కంటే తగ్గితే అరకప్పు పండ్లరసం ఇచ్చి 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. మింగలేని స్థితిలో ఉంటే నోట్లో ఏమీ పోయొద్దు, 911.

షుగర్ ఎలా వచ్చిందని అడిగితే చాలామంది ‘సుస్తో’ అంటారు, గట్టిగా భయపడటం వల్ల అని. దడుపు జ్వరం ఎరిగిన మనకు ఇది వింత కాదు. వాదించకుండా, “అప్పటినుంచి ఏం మారింది?” అని అడగండి. ఇన్సులిన్‌తో కళ్లు పోతాయన్న భయాన్ని మాత్రం వదలొద్దు. షుగర్ ఎన్నో ఏళ్లు ముదిరాక ఇన్సులిన్ మొదలుపెట్టిన బంధువులకు ఆ తర్వాత చూపు పోవడం వాళ్లు కళ్లారా చూశారు. చూపు తీసింది షుగర్, ఇన్సులిన్ ఆలస్యంగా వచ్చింది అని విడమరిచి చెప్పండి.

తిండి, కాగితాలు

తోర్తియా (వాళ్ల రొట్టె) మానేయమంటే మనల్ని అన్నం మానేయమన్నట్టే. పూటకు ఆరు తింటుంటే మూడు చేద్దామనండి, బీన్స్ ఉండనివ్వండి. కూల్‌డ్రింకు దగ్గర గట్టిగా ఉండండి. 355 మిల్లీలీటర్ల కోక్ డబ్బాలో 39 గ్రాముల చక్కెర, దాదాపు పది చెంచాలు. చెంచాతో గ్లాసులో పోసి చూపించండి. వంట చేసేది ఎవరైతే వాళ్ల ముందే చూపించాలి.

కేంద్ర నిధులతో నడిచే సామాజిక ఆరోగ్య కేంద్రాలు డబ్బు కట్టలేరని రోగిని తిప్పి పంపకూడదు. ఫీజు ఆదాయాన్ని బట్టి తగ్గుతుంది. జీతం చేతికి నగదుగా వస్తే యజమాని ఉత్తరం పనికొస్తుందా అని ముందే ఫోన్ చేసి అడగండి. తండ్రి ఇంటిపేరు, తల్లి ఇంటిపేరు రెండూ రాస్తారు కాబట్టి ఒకే మనిషికి రెండు ఫైళ్లు తయారవుతాయి. పుట్టిన తేదీలో రోజు ముందా నెల ముందా సరిచూడండి.

వీసా సంగతి అడగొద్దు, రాయొద్దు. ప్యూర్టో రికో వాళ్లు 1917 నుంచి అమెరికా పౌరులే, కెన్సింగ్టన్‌లో వాళ్లు చాలామంది. మిగతావాళ్లకు ‘మెడికెయిడ్ (పేదలకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా) తీసుకుంటే గ్రీన్‌కార్డు పోతుందా’ అన్నది పెద్ద భయం. ఆ నిబంధనలు మారుతూ ఉంటాయి. మీరు సమాధానం చెప్పకుండా ఉచిత న్యాయసహాయ కేంద్రం నంబరు ఇవ్వండి.

లేచేముందు ఒక్క పని మాత్రమే ఒప్పందం చేసుకుని, అది వాళ్ల మాటల్లోనే చెప్పించండి. రెండు రోజుల్లో ఫోన్, రెండు వారాల్లో మళ్లీ రాక. ఆ రోజు కూడా ముందు సీసా మూత తీసి మాత్రలు లెక్కపెట్టండి.