పిల్లల్ని శిల్పారామం పల్లెకు తీసుకెళ్లేముందు

నేను సోషల్ టీచర్‌ని. ఏటా ఏడో తరగతి పిల్లల్ని మాదాపూర్ శిల్పారామంలోని గ్రామీణ మ్యూజియానికి తీసుకెళ్తాను. కుమ్మరి, కమ్మరి, నేతపనివాళ్లు, వాళ్ల ఇళ్లు అక్కడ మనిషెత్తు బొమ్మలతో కనిపిస్తాయి.

అసలు పని ముందురోజు క్లాసులోనే ఉంది. నేను ఇంటి నుంచి సోల, తవ్వ, మానిక తెచ్చి బియ్యం కొలిపిస్తాను. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. చేత్తో కొలిస్తేనే గుర్తుంటుంది. ఇంట్లో నానమ్మనో తాతనో అడిగి ఒక్కో పనిముట్టు పేరు రాసుకు రమ్మంటాను. పోయినేడు ఒక పాప 'గొర్రు' అని రాసుకొచ్చి, విత్తనం గొట్టంలోంచి సాలులో ఎలా పడుతుందో తాత చెప్పినట్టే చెప్పింది. ఆ రోజు నాకు కడుపు నిండిపోయింది.

డిసెంబరు, జనవరి మంచివి, ఎండ ఉండదు. గేటు తెరిచే వేళకే చేరండి. స్కూలు లెటర్, నీళ్లసీసాలు మర్చిపోవద్దు.

పదిమందికి ఒక టీచరు తప్పనిసరి. మొదటిసారి అరవైమందిని ఇద్దరమే తీసుకెళ్లాం. ఒక బాబు వెనకబడిపోయాడు, దొరికేదాకా పావుగంట టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేను.

అన్నీ చూపించాలని పరిగెత్తించకండి. ఒక్కో జట్టుకు ఒకే ఇల్లు, ఒకే ప్రశ్న ఇవ్వండి: ఇక్కడ ధాన్యం ఎక్కడ దాచేవారు? నీళ్లు ఎవరు తెచ్చేవారు? బొమ్మ గీసుకోవడానికి అరగంట వదిలేయండి. తిరిగొచ్చాక ఆ బొమ్మల్ని నానమ్మలకు, తాతలకు చూపించి, ఏది తప్పుగా గీశారో అడిగి రమ్మనండి.