గేమ్ ఆడుతూ కొత్త భాష నేర్చుకోవాలంటే

ముందు మీరు ఇదివరకే పూర్తి చేసిన గేమ్‌నే తీసుకోండి, కథ ఎలాగూ తెలుసు కాబట్టి మాటల మీద ధ్యాస పెట్టొచ్చు. కంప్యూటర్ గేమ్స్ కొనుక్కుని ఆడే స్టీమ్ యాప్‌లో అయితే గేమ్ పేరు మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్‌లోకి వెళ్తే లాంగ్వేజ్ మార్చుకోవచ్చు, ఆడియో ఉంటే అదీ సబ్‌టైటిల్సూ రెండూ నేర్చుకునే భాషలోనే పెట్టండి, సబ్‌టైటిల్స్ తెలిసిన భాషలో ఉంచితే కళ్ళు వాటి మీదకే పోతాయి, చెవికి పనే ఉండదు.

షూటింగ్ గేమ్స్ దీనికి పెద్దగా పనికిరావు. 2016లో వచ్చిన వ్యవసాయం గేమ్ స్టార్‌డ్యూ వ్యాలీ లాంటివి చాలా బాగుంటాయి, డైలాగ్ బాక్స్ మనం నొక్కేదాకా కదలదు కదా, తీరిగ్గా చదువుకోవచ్చు. నేను స్పానిష్‌లో ఆడినప్పుడు రోజూ మొక్కలకి నీళ్ళు పోసీ పోసీ రెగాదెరా అన్న మాట, అంటే నీళ్ళు పోసే క్యాన్, దానంతటదే నోటికొచ్చేసింది, బట్టీ పట్టిందే లేదు.

జపనీస్ నేర్చుకునేవాళ్ళకి పోకెమాన్ మంచిది, 2010 నాటి బ్లాక్, వైట్ గేమ్స్ నుంచి కాంజీతో, అంటే చైనా నుంచి వచ్చిన అక్షరాలతో, చదవాలా వద్దా అన్నది మనమే ఎంచుకోవచ్చు.

తెలియని ప్రతి మాటకీ ఆగకండి ప్లీజ్, ఆటలో మజా పోతుంది. మూడోసారి కనబడిన మాటే రాసుకోండి, వాక్యంతో సహా, పూటకి ఐదు చాలు. మర్నాడు గేమ్ తెరిచే ముందు వాటిని ఓసారి పైకి చదవండి.