మెయిలు పంపాం సరే, అవతలివాళ్లు తెరిచారా?

అనంతపురం టవర్ క్లాక్‌కు దగ్గర్లో నాకో చిన్న ఆన్‌లైన్ సెంటర్ ఉంది. చీనీకాయల వ్యాపారి ఢిల్లీకి ధరలు పంపినా, ఎస్కే యూనివర్సిటీ విద్యార్థి ఉద్యోగానికి బయోడేటా పంపినా, రిటైరైన మాస్టారు పింఛను బకాయి గురించి రాసినా, 'సెండ్' నొక్కగానే అడిగేది ఒకటే: "అక్కా, వాళ్లు చూసినట్టు మనకెలా తెలుస్తుంది?" వాట్సాప్‌లో నీలి టిక్కులు చూసి చూసి మెయిల్లోనూ అవే ఉంటాయనుకుంటారు. లేవు. ఉన్న దారులు వేరు, వాటిని నమ్మాల్సిన మోతాదూ వేరు.

తెరిచారా అన్నది తర్వాత, ముందు చేరిందా అన్నది చూడండి. మెయిలు ఇంకా 'అవుట్‌బాక్స్'లోనే ఉంటే బయల్దేరనే లేదు. 'సెంట్'లో ఉంటే మన గడప దాటింది, అంతే. 'మెయిలర్ డీమన్' అనో 'మెయిల్ డెలివరీ సబ్‌సిస్టమ్' అనో తిరుగు మెయిలు వస్తే, చాలామంది దాన్ని ప్రకటన అనుకుని తీసేస్తారు. తీసేయకండి. చిరునామా తప్పా, అవతలి ఖాతా నిండిపోయిందా, ఎందుకు వెనక్కి వచ్చిందో అందులోనే ఉంటుంది.

ప్రభుత్వ వెబ్‌సైట్ల దగ్గర ఇంకో చిక్కు. స్పామ్ పంపే ప్రోగ్రాములకు దొరకకూడదని మెయిలు చిరునామాల్లో 'ఎట్ ది రేట్' గుర్తుకు బదులు బ్రాకెట్లలో 'ఎట్' అని, చుక్కకు బదులు 'డాట్' అని అక్షరాల్లో రాస్తారు. దాన్ని ఉన్నదున్నట్టు కాపీ చేసి పెడితే మెయిలు కదలదు. బ్రాకెట్లు తీసేసి, అసలు గుర్తులు మీరే టైపు చేయాలి.

ఇక రీడ్ రిసీట్, అంటే చదివినట్టు రసీదు ఇమ్మని మెయిలుతోపాటే అడగడం. కంప్యూటర్‌లోని అవుట్‌లుక్ అనే మెయిలు ప్రోగ్రాములో కొత్త మెయిలు రాస్తూ 'ఆప్షన్స్'లోకి వెళ్లి, 'రిక్వెస్ట్ ఎ రీడ్ రిసీట్'కు టిక్కు పెట్టండి. అక్కడే ఉండే 'డెలివరీ రిసీట్' అవతలి సర్వర్‌కు, అంటే వాళ్ల మెయిళ్లు దాచే కంప్యూటర్‌కు, చేరిందని మాత్రమే చెబుతుంది. థండర్‌బర్డ్ అనే ఇంకో ప్రోగ్రాములో రీడ్ రిసీట్‌నే 'రిటర్న్ రిసీట్' అంటారు. మనలో ఎక్కువమంది వాడే ఉచిత జీమెయిల్లో ఈ సౌకర్యం లేదు. కాలేజీలు, కంపెనీలు ఇచ్చే ఖాతాల్లో ఉంటుంది. అదీ అడ్మిన్ అనుమతిస్తేనే, కంప్యూటర్‌లో మెయిలు రాసే చోట కింది మూడు చుక్కలు నొక్కితే కనిపిస్తుంది. మీ ఖాతాలో కనిపించకపోతే వెతుకుతూ కూర్చోకండి.

రసీదు పంపాలా వద్దా అని అవతలివాళ్లను అడిగే ప్రోగ్రాములున్నాయి, అసలు పట్టించుకోనివీ ఉన్నాయి. కాబట్టి రసీదు వస్తే చాలావరకు తెరిచినట్టే. రాకపోతే చూడలేదని కాదు.

మూడో దారి ట్రాకింగ్. బ్రౌజర్‌కు తగిలించుకునే కొన్ని ఎక్స్‌టెన్షన్లు మీ మెయిల్లో కంటికి కనిపించని బొమ్మ ఒకటి పెడతాయి. పొడవు ఒక పిక్సెల్, వెడల్పు ఒక పిక్సెల్, అంటే తెర మీద ఒక్క చుక్కంత. మెయిలు తెరవగానే ఆ బొమ్మ ఎక్కడో ఉన్న సర్వర్ నుంచి రావాలి. దాన్ని ఎప్పుడు అడిగారో ఆ సర్వర్ రాసుకుంటుంది. తలుపుకు గంట కట్టినట్టు. చిక్కల్లా ఏమిటంటే ఈ గంట గాలికీ మోగుతుంది. 2021లో ఐఫోన్లను నడిపే ఐఓఎస్ 15తో ఆపిల్ తెచ్చిన రక్షణను ఆన్ చేసుకున్నవారి మెయిల్ యాప్, మనిషి చూసినా చూడకపోయినా బొమ్మలను ముందే తెచ్చి పెట్టుకుంటుంది. మీకేమో 'తెరిచారు' అని కబురొస్తుంది. బొమ్మలు రాకుండా ఆపుకున్నవాళ్లు పది సార్లు చదివినా గంట మోగదు. జీమెయిల్ 2013 చివరి నుంచి బొమ్మలను తన సర్వర్ల మీదుగానే చూపిస్తోంది, కాబట్టి ఏ ఊళ్లో తెరిచారన్నదీ తెలియదు.

పైగా ఇలాంటి ఎక్స్‌టెన్షన్లు మీ మెయిళ్లన్నీ చదివే అనుమతి అడుగుతాయి. నా సెంటర్‌లో నేను వేయనివ్వను. పదిమంది వాడే ఏ కంప్యూటర్‌లోనూ వేయకండి. చెప్పకుండా ఎదుటివాళ్ల మీద నిఘా పెట్టడం కూడా నాకు నచ్చదు.

దరఖాస్తులూ ఫిర్యాదులూ పంపేవాళ్లకు తెరిచారా లేదా అన్న బెంగ నిజానికి అంత అవసరం లేదు. ఫలానా చిరునామాకు పంపమని అవతలివాళ్లే చెప్పి ఉంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, మెయిలు ఆ కంప్యూటర్ వ్యవస్థలోకి ప్రవేశించిన సమయానికే అందినట్టని 2000 నాటి ఐటీ చట్టం 13వ సెక్షన్ చెబుతోంది. రసీదు ఫలానా రూపంలోనే కావాలని మీరు షరతు పెట్టకపోతే, 'మీ మెయిలు అందింది' అని దానంతటదే వచ్చే జవాబు కూడా 12వ సెక్షన్ ప్రకారం రసీదే. దాన్ని ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకోండి.

వ్యాపారులకు నేను చెప్పేది వేరు. మెయిలు చివర జవాబివ్వక తప్పని ప్రశ్న ఒకటి వేయండి: "ఈ ధర శుక్రవారం వరకే. లోడు ఎప్పుడు ఎత్తమంటారు?" మూడు నాలుగు రోజులు చూసి, కొత్త మెయిలు కాకుండా పాతదానికే రిప్లై కొట్టి గుర్తుచేయండి. మొదటి తేదీ కిందనే కనబడుతుంది.

ఆఫీసులకైతే ఫోన్ చేయండి. "నా మెయిలు చూశారా?" అని అడిగితే "చూస్తాంలెండి" అని పెట్టేస్తారు. పంపిన తేదీ, సబ్జెక్టు చెప్పి ఇన్‌వర్డ్ నంబరు, అంటే వచ్చిన ఉత్తరాల రిజిస్టర్లో వేసే నంబరు, అడగండి. ఆ నంబరు చెప్పాలంటే వాళ్లు మీ మెయిలు వెతికి తీయక తప్పదు.