పెద్ద సంఖ్యను ప్రధాన కారణాంకాలుగా విడదీయడం ఎలా? నెల్లూరు, ఒంగోలు పిన్ కోడ్‌లతో సాధన

ఆరంకెల సంఖ్య ఇచ్చి కారణాంకాలు చెప్పమంటే చాలామంది క్యాలిక్యులేటర్ వెతుక్కుంటారు. అక్కర్లేదు, ఎక్కాలు వస్తే చాలు. నెల్లూరు పిన్ కోడ్ 524001 తీసుకుందాం. (పిన్ కోడ్ పద్ధతి 1972 ఆగస్టు 15న మొదలైంది. ఒంగోలు జిల్లాకు ప్రకాశం పేరు పెట్టింది కూడా ఆ ఏడాదే.)

ముందు హద్దు తేల్చుకోండి. 723 వర్గం 522729, 724 వర్గం 524176. అంటే 723 లోపు ప్రధాన సంఖ్యలను పరీక్షిస్తే సరిపోతుంది. అంతకన్నా పెద్ద కారణాంకం ఉంటే దాని జత ఈ హద్దు లోపలే దొరుకుతుంది.

చివరి అంకె 1 కాబట్టి 2, 5 పనికిరావు. అంకెల మొత్తం 12, కనుక 3తో నిశ్శేషంగా పోతుంది, భాగఫలం 174667. చాలామంది శ్రమ వృథా అయ్యేది ఇక్కడే. పాత సంఖ్యనే పట్టుకుని ముందుకు వెళతారు. దాన్ని వదిలేయండి. ఇప్పుడు మన సంఖ్య 174667, హద్దు 417కు దిగింది. దీని అంకెల మొత్తం 31 కనుక మళ్లీ 3 పోదు.

7, 11, 13లను ఒకేసారి చూడవచ్చు, ఎందుకంటే వాటి లబ్ధం 1001. మూడేసి అంకెలుగా విడదీసి తీసివేయండి: 667 − 174 = 493. ఇది ఆ మూడింటిలో దేనితోనూ పోదు. 17తో భాగిస్తే 9 మిగులుతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 19 సూత్రం. చివరి అంకెను రెట్టింపు చేసి మిగిలిన భాగానికి కలపాలి:

17466 + 14 = 17480
1748 + 0 = 1748
174 + 16 = 190

190లో 19 ఉంది కదా! సంఖ్యను రెట్టింపు చేస్తే పదుల భాగం ఇరవై రెట్లవుతుంది. అందులో పంతొమ్మిది రెట్లు తీసేస్తే ఈ లెక్కే మిగులుతుంది, కాబట్టి ఇది ఎప్పుడూ తప్పదు.

174667 = 19 × 9193. హద్దు ఇక 95 మాత్రమే. 19 మళ్లీ పోదు, 23 కూడా పోదు. 29కి చివరి అంకెను మూడు రెట్లు చేసి కలపాలి: 919 + 9 = 928, 92 + 24 = 116. ఇది 29 × 4. భాగిస్తే 317 వస్తుంది. 29 వర్గమే 841, చిన్నవన్నీ ముందే చూశాం. కనుక 317 ప్రధాన సంఖ్యే.

524001 = 3 × 19 × 29 × 317

ఒక్కో ప్రధాన సంఖ్యను తీసుకోవచ్చు, మానవచ్చు. కాబట్టి మొత్తం భాజకాలు 2 × 2 × 2 × 2 = 16. వాటి మొత్తం 4 × 20 × 30 × 318 = 763200.

ఒంగోలు 523001 అంత తేలిగ్గా లొంగదు. 29 వరకు ఏదీ పోదు. 31కి చివరి అంకెను మూడు రెట్లు చేసి తీసివేయాలి: 52300 − 3 = 52297, 5229 − 21 = 5208, 520 − 24 = 496. ఇది 31 × 16. భాగఫలం 16871, కొత్త హద్దు 129. 31 నుంచి 127 వరకు ఉన్న 21 ప్రధాన సంఖ్యలనూ ఓపికగా పరీక్షించాల్సిందే, దగ్గరిదారి లేదు. ఒక్కటీ పోదు. అంటే 16871 ప్రధాన సంఖ్య. ఒంగోలుకు ఉన్న భాజకాలు 1, 31, 16871, 523001 మాత్రమే.