కోయి కొలనులో తేలియాడే సన్నని నలుసులు: సమస్య – పరిష్కారం

కోయి చేపలను పైనుంచి చూసి ఆనందించడానికే పెంచుతారు. జపాన్‌లోని నీగాటా ప్రాంతపు కొండ ఊళ్లలో 19వ శతాబ్దంలో రైతులు తిండి కోసం పెంచుకున్న కార్ప్ చేపల్లో రంగు తేలినవాటిని ఏరి, తరతరాలుగా జత కట్టించగా ఈ రకాలు వచ్చాయి. వీపు మీది రంగుల అమరికను బట్టే వాటికి విలువ కడతారు కనుక, నాలుగడుగుల లోతున్న కొలనులో అడుగు కనిపించడం లేదన్న యజమాని బాధ సహజమైనదే. అంతకన్నా ముఖ్యంగా, నీటిలో ఎడతెగక తేలియాడే నలుసులు మొప్పలకు రాపిడి కలిగిస్తాయి, కుళ్లుతూ ఆక్సిజన్‌ను వాడుకుంటాయి, హానికర బ్యాక్టీరియాకు ఆశ్రయమిస్తాయి. ఈ నలుసుల్లో చాలా భాగాన్ని మనం బిగించిన పంపే తయారుచేస్తుందని గ్రహిస్తే, పరిష్కారం ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.

ముందు తేల్చుకోవలసినది: అది ఏ మసక?

ఏ వస్తువూ కొనకముందు రెండు పరీక్షలు చేయండి. కొలను మధ్య నుంచి తీసిన నీటిని పొడవాటి గాజు గ్లాసులో పోసి, తెల్ల కాగితం ముందు పెట్టి, ఒక రోజంతా కదపకుండా ఉంచండి. రెండు మూడు నిమిషాల్లోనే నీరు తేటపడితే అవి నలుసులు కావు, గాలి బుడగలు. పంపు పీల్చే వైపు ఏదో జాయింటులో గాలి చొరబడుతోందని అర్థం. నీరు లేత పచ్చగానే ఉండిపోతే అది ఏకకణ నాచు, దానికి మందు యూవీ (అతినీలలోహిత కిరణాల) దీపం. నలుసేమీ లేకుండా టీ డికాషన్ లాంటి రంగు మిగిలితే అది ఆకుల నుంచీ వ్యర్థాల నుంచీ కరిగిన పదార్థం, దానికి యాక్టివేటెడ్ కార్బన్ వాడాలి, నీరు కొంత కొంతగా మార్చాలి. కొత్త కొలనులో మొదటి వారాల్లో పాలు కలిపినట్టు కనిపించే తెల్లదనం సాధారణంగా బ్యాక్టీరియా ఉద్ధృతి వల్ల వస్తుంది. మేత తగ్గించి, గాలి బాగా కొట్టించి, ఓపిక పట్టడమే దానికి చికిత్స. సిమెంటు కొత్తగా పూసిన కొలనైతే సున్నం ఊరడం కూడా కారణం కావచ్చు కనుక పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార స్థాయి) కొలవండి. అది 9 దాటితే చేపలను వదలవద్దు.

మరునాటికి గ్లాసు అడుగున గోధుమరంగు పొర సన్నగా పేరుకుని, పైనీరు ఇంకా కొద్దిగా మసకగానే ఉంటే, ఈ వ్యాసం మీ కొలను గురించే. రెండో పరీక్షగా, చీకటి పడ్డాక టార్చి లైటును నీటి మట్టానికి అడ్డంగా పట్టి చూడండి. పెంకుటింటి సందులోంచి పడే ఎండలో ధూళి కనిపించినట్టుగా ఆ వెలుగు దారిలో నలుసులు విడివిడిగా కదులుతూ కనిపిస్తాయి. ఏ మార్పు చేసినా ఫలితాన్ని కొలవడానికి ఈ టార్చి పరీక్షనే వాడుకోండి. పగటిపూట కంటి అంచనా ఎండను బట్టి మారిపోతుంది.

లక్షణం: ఫిల్టర్ మొదటి గదిలో మలం తీగలుగా కాక, మెత్తని బురదగా చేరుతోంది

ఆరోగ్యంగా ఉన్న కోయి మలం పలుచని పొర కప్పుకున్న తీగలా వెలువడుతుంది. ఆ పొర చెదరకుండా ఫిల్టర్ చేరితే దానిని పట్టడం చాలా సులువు. కొలనులోనే ముంచిన సబ్‌మెర్సిబుల్ పంపు దానిని పీల్చి, రెక్కలతో చిదిపి, పైపుల మలుపుల్లో ఒరిపించి పంపినప్పుడు ఒక్క తీగ వేల నలుసులవుతుంది. నలుసు పరిమాణం పదో వంతుకు తగ్గితే, అది కిందికి దిగే వేగం నూరో వంతుకు పడిపోతుంది. అంటే నిశ్చల నీటిలో గంటలోపు అడుగు చేరగలిగిన 100 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తునక 10 మైక్రాన్లకు చిదికిపోయాక అదే దూరం దిగడానికి కొన్ని రోజులు పడుతుంది. కొలనులో నీరు ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది కాబట్టి అది ఇక దిగనే దిగదు.

పరిష్కారం ఏమిటంటే, పంపును ఫిల్టర్ ముందు నుంచి తీసి ఫిల్టర్ తర్వాత పెట్టాలి. కొలను అడుగున నాలుగంగుళాల బాటమ్ డ్రెయిన్ ద్వారా నీరు తన బరువుతోనే మొదటి గదిలోకి రావాలి, అక్కడ పెద్ద చెత్త ఆగిపోయాక మాత్రమే పంపు దానిని ముట్టుకోవాలి. ఆ నాలుగంగుళాల పైపులో గంటకు సుమారు 10,000 లీటర్ల ప్రవాహం ఉంటే మలం దారిలో ఆగకుండా వస్తుంది. ప్రవాహం మరీ తక్కువైతే పైపులోనే పేరుకుని కుళ్లి, వాల్వు తెరిచినప్పుడల్లా నల్లని నీరుగా బయటపడుతుంది. కట్టేసిన కొలనును తవ్వడం కుదరనివారు పంపుకు ముందు వాలు జల్లెడ ఉన్న సీవ్ గదిని పెట్టుకోవచ్చు. దాని తెర కన్నం సాధారణంగా 200 నుంచి 300 మైక్రాన్లుంటుంది, తీగ మలాన్నీ ఆకులనూ నీటి నుంచి పూర్తిగా వేరుచేస్తుంది. అదీ వీలు కాకపోతే కనీసం పెద్ద గింజను మింగే డర్టీ వాటర్ పంపుకు బదులు, మెత్తగా తిరిగే తక్కువ వేగం పంపును ఎంచుకుని, పైపులో తొంభై డిగ్రీల బెండ్లను నలభై ఐదు డిగ్రీలవిగా మార్చండి.

మేత సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. కార్ప్ జాతికి ఉదరకోశం లేదు, ఉన్నదంతా పొడవాటి పేగు. ఒకేసారి దోసిళ్లతో వేసిన మేత సగం అరగకుండానే వెళ్లిపోయి, వదులైన మలంగా, తీగ కట్టకుండా చెదిరిపోతుంది. అదే పరిమాణాన్ని రోజులో మూడు నాలుగు సార్లుగా, ప్రతిసారీ కొద్ది నిమిషాల్లో తినేసేంత మాత్రమే వేయండి. డబ్బా అడుగున మిగిలిన పొడిని కొలనులో దులపకండి.

లక్షణం: స్పాంజ్ కడిగిన రోజు తేట, రెండు రోజుల్లో మళ్లీ మసక

నీరు ఎప్పుడూ సులువైన దారినే వెతుక్కుంటుంది. స్పాంజ్ నిండినకొద్దీ దాని అంచుకూ గోడకూ మధ్య ఉన్న సందులోంచి, లేదా పైనుంచి పొర్లి, నీరు వడపోత లేకుండానే తర్వాతి గదికి వెళ్లిపోతుంది. గదుల మధ్య నీటి మట్టాల తేడాను గోడ మీద గీత గీసి గమనించండి. మొదట్లో ఒక మట్టంలో ఉన్నవి క్రమంగా ఎడం పెరిగి, ఒక్కసారిగా మళ్లీ దగ్గరైతే నీరు పక్కదారి పట్టిందన్నమాట. స్పాంజ్‌ను గది కొలత కన్నా కొంచెం పెద్దదిగా కోసి బిగుతుగా కూర్చండి, ముతకది ముందు, నడిమిది తర్వాత, సన్ననిది చివర ఉండేలా అమర్చండి. కడిగేటప్పుడు బ్యాక్టీరియా నివసించే మీడియాను (స్పాంజ్, ప్లాస్టిక్ గింజల వంటి వడపోత సరుకును) కొలను నీటిలోనే ముంచి దులపాలి, క్లోరిన్ ఉన్న కుళాయి నీటిని దానికి తాకించకూడదు. కడిగే నీరు మళ్లీ కొలనులోకి కాక మొక్కలకు వెళ్లాలి.

లక్షణం: ఫిల్టర్ పెద్దది, మూవింగ్ బెడ్ చక్కగా తిరుగుతోంది, అయినా నలుసులు తగ్గవు

మూవింగ్ బెడ్ అంటే గాలితో ఎప్పుడూ దొర్లే ప్లాస్టిక్ గింజల మీడియా, అది అమ్మోనియాను తొలగించడంలో దిట్ట. అయితే గింజలు ఒకదానికొకటి రాసుకుని పాత బయోఫిల్మ్‌ను (వాటి మీద పెరిగే బ్యాక్టీరియా పొరను) పొడిగా రాల్చుతూ ఉంటాయి, ఆ పొడి నేరుగా కొలనులోకే వస్తుంది. అదే మీడియాను గాలి లేకుండా కదలకుండా ఉంచితే, జిగట పట్టిన గింజల సందుల్లో సన్నని నలుసులు అతుక్కుని ఆగిపోతాయి. కాబట్టి మూవింగ్ బెడ్‌కు ముందు ఇలాంటి స్థిరమైన బెడ్‌ను ఒకటి పెట్టి, వారానికి ఒకటి రెండు సార్లు నీటి రాకపోకలను ఆపి, గాలితో బలంగా కలిపి, ఆ మురికినంతా డ్రెయిన్ తెరిచి బయటికి వదలండి. మూవింగ్ బెడ్ తర్వాత కూడా ఒక సన్నని వడపోత ఉండాలి. బయోఫిల్మ్ జిగట పట్టడానికి కొత్త ఫిల్టర్‌కు వారాలు పడుతుంది, ఆ లోపు వచ్చే మసకకు ఫిల్టర్‌ను నిందించనవసరం లేదు.

చివరి మెట్టు: నెమ్మదిగా నడిచే ఫిల్టర్ ఊల్ డబ్బా

పై మూడూ సరిచేశాకే దీనికి దిగండి. లేకపోతే ఊల్ (దూది లాంటి వడపోత పీచు) గంటల్లోనే మూసుకుపోయి, మీకు విసుగు మాత్రమే మిగులుతుంది. మూత ఉన్న 60 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ములో కింది నుంచి నీరు ప్రవేశించి పైనుంచి పొర్లి కొలనులో పడేలా ఏర్పాటు చేయండి. అడుగున ముతక స్పాంజ్, దాని మీద సన్నని స్పాంజ్, ఆపైన చేతి మందాన పాలిస్టర్ ఫిల్టర్ ఊల్ రెండు పొరలు వేసి, తేలకుండా పైన ప్లాస్టిక్ జాలీ బిగించండి. ప్రధాన ప్రవాహాన్నంతా ఇందులోకి మళ్లించకండి. ఫిల్టర్ చివరి గది నుంచి చిన్న పంపుతో గంటకు 2,000 లీటర్ల లోపు నీరు వెళితే చాలు. వేగం పెరిగితే ఊల్ పట్టిన నలుసులనే మళ్లీ బయటికి తోసేస్తుంది.

10,000 లీటర్ల కొలనుకు ఈ లెక్కన 5 గంటల్లో నీరంతా ఒకసారి వడగట్టబడిందని అనుకోవడం పొరపాటు. శుభ్రపడిన నీరు తిరిగి అదే కొలనులో కలుస్తుంది కనుక, 5 గంటల తర్వాత కూడా మూడో వంతుకు పైగా నీరు డ్రమ్ము ముఖమే చూసి ఉండదు. ఊల్ ప్రతిసారీ అన్ని నలుసులనూ పట్టదు కూడా. అందుకే నాలుగైదు రోజులు ఆపకుండా నడపండి, మొదట రోజూ ఊల్ మార్చండి, ఒక రోజు వాడిన ఊల్ దాదాపు తెల్లగానే బయటికి వచ్చిన తర్వాత వారానికొకసారి మార్చితే చాలు. నిర్వహణకు తీరికలేని పెద్ద కొలనులకు, తిరిగే గుండ్రని తెర ఉన్న డ్రమ్ ఫిల్టర్ అనే యంత్రం మేలైనది. సుమారు 60, 70 మైక్రాన్ల తెరను అదే కడుక్కుంటుంది, కానీ అంతకన్నా సన్నని నలుసులకు దాని వెనుక స్థిరమైన బెడ్ అవసరం తప్పదు.

మన ప్రాంతంలో ఎదురయ్యే మూడు ఇబ్బందులు

కరెంటు పోయి వచ్చినప్పుడు నీరు హఠాత్తుగా మురికిగా మారడం మొదటిది. నీరు ఆగిన సమయంలో పైపుల్లో దిగిన మడ్డి పంపు తిరగగానే ఒక్కసారిగా కదులుతుంది. చాలా సేపు ఆగిపోయి ఉంటే, పంపు వేసే ముందు బాటమ్ డ్రెయిన్ వాల్వునూ ఫిల్టర్ గదుల వాల్వులనూ తెరిచి ఆ నీటిని బయటికి వదలండి. ఆక్సిజన్ లేక చెడిన ఆ నీరు చేపలకు కూడా మంచిది కాదు.

రెండోది బోరు నీటి కాఠిన్యం. యూవీ దీపం చుట్టూ ఉన్న క్వార్ట్జ్ గొట్టం మీద తెల్లని పొర కట్టి, లోపల దీపం వెలుగుతున్నా కిరణం నీటిని చేరదు. దానిని నిమ్మ ఉప్పు కలిపిన నీటితో తుడవండి. దీపం నీలంగా వెలుగుతూనే ఉన్నా సుమారు ఏడాది నిరంతర వాడకం తర్వాత దాని శక్తి తగ్గుతుంది కనుక మార్చాలి. యూవీ చంపిన నాచు కూడా నలుసులుగానే మిగులుతుందని, దానిని ఎత్తేది ఫిల్టర్ మాత్రమేనని గుర్తుంచుకోండి.

మూడోది పటిక. ట్యాంకర్ నీటిని పటికతో తేర్చడం, ఇందుప గింజను అరగదీసి బిందెలో కలపడం మన పెద్దలకు తెలిసిన పద్ధతులే, వాటి వెనుక ఉన్న సూత్రం కూడా సరైనదే: విడిగా తేలే సన్నని మట్టి కణాలు ఒకదానికొకటి అతుక్కుని బరువెక్కి దిగుతాయి. అయితే ఒక మిల్లీగ్రాము పటిక నీటిలోని క్షారతను (పీహెచ్ పడిపోకుండా ఆపే గుణాన్ని) సుమారు అర మిల్లీగ్రాము మేర తినేస్తుంది, క్షారత తక్కువ ఉన్న నీటిలో పీహెచ్ ఒక్కసారిగా కూలి చేపలు చనిపోవచ్చు. అందుచేత చేపలున్న కొలనులో పటిక వేయవద్దని నా మాట. వర్షాకాలంలో మట్టి కలిసి వచ్చిన నీటిని వేరే తొట్టిలో పటికతో తేర్చి, మడ్డిని అడుగునే వదిలి, పీహెచ్ కొలిచి, పైతేటను మాత్రమే కొలనులోకి తోడుకోండి. మున్సిపల్ నీరైతే సోడియం థయోసల్ఫేట్‌తో క్లోరిన్ తొలగించిన తర్వాతే పోయండి.