ఆన్‌లైన్ కొట్టు జీఎస్టీ లెక్కలు, 4వ పాఠం: బ్యాంకులో పడిన డబ్బే అమ్మకం కాదండీ

పోయిన పాఠంలో ఒక నెల అమ్మకాల పట్టీ రాసి పంపమన్నాను. వచ్చిన పట్టీల్లో ఎక్కువ భాగం ఒకే గుంటలో పడ్డాయి. అందుకని రిటర్న్ నింపడం వచ్చే పాఠానికి జరిపాను. బిల్లు నంబర్లు, సరుకు రకాన్ని చెప్పే హెచ్‌ఎస్‌ఎన్ కోడ్లు బాగానే రాశారు, వాటి జోలికి పోను.

బ్యాంకు స్టేట్‌మెంట్ ముందర పెట్టుకుని, ప్లాట్‌ఫాం (మీ సరుకు అమ్మిపెట్టే వెబ్‌సైటు) వేసిన మొత్తాన్నే అమ్మకంగా రాసేశారు. నాకు చిరాకు తెప్పించేది ఇదే.

కిలో పలాస జీడిపప్పు పన్నుతో కలిపి 1,050 రూపాయలకు టెక్కలి ఆవిడకు అమ్మారనుకోండి. జీడిపప్పు మీద 5 శాతం. 1,050ని 1.05తో భాగిస్తే సరుకు ధర 1,000, పన్ను 50. (1,050లో 5 శాతం తీసి 52.50 అని రాసినవాళ్లు మళ్లీ చేయండి.) ప్లాట్‌ఫాం ఇందులో కమీషన్ 100, దాని మీద 18 శాతం జీఎస్టీ అంటే 18, టీసీఎస్ (మీ తరఫున సరుకు ధర మీద ముందే పట్టుకునే పన్ను) 5 పట్టుకుని మీకు 927 వేస్తుంది.

ఆ 927 మీద లెక్క కడితే పన్ను 44 రూపాయల చిల్లర తేలుతుంది. కలిసొచ్చిందే అనుకుంటారు. అవతల ప్లాట్‌ఫాం తాను ప్రభుత్వానికి వేసే రిటర్న్ జీఎస్టీఆర్-8లో మీ జీఎస్టీ నంబరు మీద 1,000 అని చూపించేస్తుంది. మీ లెక్కకీ దానికీ పొంతన లేకపోతే సంజాయిషీ అడిగేది మిమ్మల్నే.

పైగా 927 మాత్రమే రాస్తే వెనక్కి రావలసిన 18, 5 మీ పట్టీలో కనబడవు, ఆ నష్టమూ మీదే. కమీషన్ మీద కట్టిన 18, జీఎస్టీఆర్-2బీలో (మీకు రావలసిన క్రెడిట్‌లు చూపే పోర్టల్ పట్టీ) కనబడితే ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే మీరు కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడానికి, వాడుకోవచ్చు. టీసీఎస్ 5 రూపాయలు జీఎస్టీ పోర్టల్‌లో ఒప్పుకుంటే అక్కడ మీ పేరు మీదున్న క్యాష్ లెడ్జర్ (నగదు ఖాతా)లోకి వస్తాయి. 50లో ఈ రెండూ పోగా జేబులోంచి కట్టేది 27. టీసీఎస్ 1 శాతం అని రాసినవాళ్లు పాత వీడియో చూసినట్టున్నారు, 2024 జూలై 10 నుంచి అది అర శాతమే.

ఇంత చిన్న కొట్టుకి సాఫ్ట్‌వేర్ కొనమని నేను చెప్పను. ఎక్సెల్ షీట్ చాలు, కానీ రాష్ట్రం కోడ్‌కి ఒక గడి ఉండాలి. టెక్కలి మన రాష్ట్రమే కాబట్టి సీజీఎస్టీ (కేంద్రం వాటా) 25, ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) 25. అదే ప్యాకెట్ ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోని బరంపురం వెళ్తే ఐజీఎస్టీ (వేరే రాష్ట్రానికి అమ్మితే పడే పన్ను) 50. హిందూపురం ఎంత దూరమైనా 37 కోడే, బరంపురం పక్కనే ఉన్నా 21.

సరుకు తిరిగొస్తే పాత వరస కొట్టేయకండి. తిరిగొచ్చిన నెలలో ఆ అమ్మకాన్ని తగ్గించే చీటీ, క్రెడిట్ నోట్, రాయండి.

నెలనెలా రిటర్న్ వేసేవాళ్లకు అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1 గడువు తర్వాతి నెల 11, పన్ను కట్టే జీఎస్టీఆర్-3బీ గడువు 20. మూడు నెలలకోసారి వేసే పద్ధతి ఎంచుకున్నవాళ్లు మన ఆంధ్రప్రదేశ్‌లో వాటికి 13, 22 గుర్తుపెట్టుకోండి.

అభ్యాసం: పోయిన నెల పట్టీని బ్యాంకు స్టేట్‌మెంట్ మూసేసి, ప్లాట్‌ఫాం ఇచ్చే ట్యాక్స్ రిపోర్టు నుంచి మొదటి బిల్లుతో మొదలుపెట్టి తిరగరాయండి. ప్రతి వరసలో పన్ను కలపని సరుకు ధర, రాష్ట్రం కోడ్, పన్ను, కమీషన్, కమీషన్ మీద జీఎస్టీ, టీసీఎస్, చివర చేతికొచ్చింది ఉండాలి. ఆ చివరి గడి మొత్తం బ్యాంకులో పడినదానికి రూపాయి తేడా లేకుండా సరిపోయాకే నాకు పంపండి. తేడా వస్తే ముందు తిరిగొచ్చిన సరుకుల దగ్గర వెతకండి.