వేదం నుంచి గుడి దాకా: ఒక దేవత ప్రాధాన్యం ఎలా మారిందో పట్టుకునే పద్ధతి

ముందు ఒక్క దేవతనే ఎంచుకోండి. త్రిమూర్తుల్ని కలిపి మొదలుపెడితే నోట్సు కలగాపులగమవుతుంది. మొదటిసారికి ఇంద్రుడో విష్ణువో అయితే ఆధారాలు సులువుగా దొరుకుతాయి.

కాగితం మీద నాలుగు గళ్లు గీయండి: ఋగ్వేద సంహిత, తర్వాతి వైదిక గ్రంథాలు (యజుర్వేదం, యజ్ఞాలను వివరించే బ్రాహ్మణాలు, ఉపనిషత్తులు), ఇతిహాస పురాణాలు, చివరిది శాసనాలు-నాణేలు-విగ్రహాలు. ఈ నాలుగో గడిని ఖాళీగా వదిలేసేవాళ్లే ఎక్కువ. తప్పుడు నిర్ణయాలన్నీ అక్కడే పుడతాయి.

ఋగ్వేదంలో 10 మండలాలు (భాగాలు), 1028 సూక్తాలు (స్తోత్రాలు). అచ్చు ప్రతుల్లో సూక్తం మొదట్లోనే ఋషి, దేవత, ఛందస్సు ఇస్తారు కాబట్టి లెక్క తీయడం కష్టం కాదు. ఇంద్రుడివి 250 దాకా, అగ్నివి 200 దాకా వస్తాయి. విష్ణువుకు పూర్తిగా చెందినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే, రుద్రుడికి మూడే (1.114, 2.33, 7.46). మొత్తం ఒక్క అంకెగా వేయకుండా మండలాల వారీగా విడదీయండి. 2 నుంచి 7 వరకు ఉన్న వంశ మండలాలు (ఒక్కోటి ఒక్కో ఋషి వంశానిది) మొత్తమ్మీద పాతవి, 10వది తర్వాతి పొర. 9వ మండలంలోని 114 సూక్తాలూ సోముడి చుట్టూ కూర్చినవే. సోమరసం వడకట్టే ప్రక్రియ కోసం ఒకచోట చేర్చిన సంకలనం అది. దాన్ని గమనించకపోతే మిగతా దేవతలతో పోలిక దారి తప్పుతుంది.

లెక్క అయ్యాక రెండో గడిలో స్థానం చూడాలి. ఐతరేయ బ్రాహ్మణం మొదలయ్యేదే ‘అగ్నిర్వై దేవానామవమో విష్ణుః పరమః’ అని: దేవతల్లో కింది కొస అగ్ని, పై కొస విష్ణువు, తక్కినవారంతా ఆ నడుమ. సూక్తాలు కొన్నే ఉన్న దేవుడు యజ్ఞంలో ఎక్కడికి చేరాడో చూడండి. అలాగని ఈ ఒక్క వాక్యాన్ని పట్టుకుని అప్పటికే విష్ణుభక్తి సంప్రదాయం స్థిరపడిందని రాసేయకూడదు. సోమయాగ దీక్షలో ఆ ఇద్దరికీ 11 కపాలాల (మట్టి పెంకుల) మీద వండిన పురోడాశం (యజ్ఞంలో ఇచ్చే పిండి రొట్టె) ఇచ్చే సందర్భమది. ప్రతి ఉల్లేఖన పక్కనా అది ఏ కర్మలో వచ్చిందో రాసుకోండి. రుద్రుడి విషయంలో ఈ గడిలో చూడాల్సినవి యజుర్వేదానికి చెందిన తైత్తిరీయ సంహిత 4.5లోని నమకం (రుద్రుడికి నమస్కారాల మంత్రం), ఆ తర్వాత శ్వేతాశ్వతరోపనిషత్తు.

పురాణాల దగ్గర ఎవరు ఎవరికి లొంగారో చూస్తే చాలు. గోవర్ధన కథలో ఆగిపోయింది ఇంద్రపూజే. పురాణాలు శతాబ్దాల పాటు పెరుగుతూ వచ్చాయి కాబట్టి ఒక్కోదానికి ఒక్కో సంవత్సరం అంటించకండి.

నాలుగో గడిలో రాయీ లోహమూ మాట్లాడతాయి. మధ్యప్రదేశ్‌లోని బెస్‌నగర్‌లో యవన (గ్రీకు) రాయబారి హెలియొడోరస్ వాసుదేవుడికి గరుడధ్వజం (గరుడ స్తంభం) నిలిపింది క్రీ.పూ. 2వ శతాబ్దంలో. ముందుభాగాన నిలువెత్తు మూర్తి చెక్కిన, ఆంధ్రప్రదేశ్‌లోని గుడిమల్లం శివలింగాన్ని చాలామంది పండితులు క్రీస్తుపూర్వానిదిగానే చూస్తారు. ఇప్పుడు మన చేతుల్లో ఉన్న పురాణాలు ఈ రూపానికి రాకముందే పూజ నడుస్తోందన్నమాట. ‘ఫలానా పురాణంలో తొలిసారి కనబడింది కాబట్టి ఆరాధన అప్పుడే మొదలైంది’ అనే వాదన ఇక్కడే కూలిపోతుంది.

పేర్లు కూడా మోసం చేస్తాయి. అలంపురం నవబ్రహ్మ ఆలయాలను బ్రహ్మ ఖాతాలో వేయకండి, అవి శివాలయాలు. మంత్రాలూ అంతే. ‘గణానాం త్వా గణపతిం’ ఋగ్వేదంలో (2.23.1) మంత్రాలకు అధిపతి అయిన బ్రహ్మణస్పతిది, ఇవాళ వినాయకుడి పూజలో చదువుతున్నాం. ఇలాంటివి రెండుచోట్లా నమోదు చేయండి: కూర్పులో ఎవరికి, ప్రయోగంలో ఎవరికి.

ఇక ‘తగ్గాడు’ అని రాసే ముందు ఏం తగ్గిందో విడమరచండి. ఇంద్రుడు మాయమైపోలేదు, అష్టదిక్పాలకుల్లో ఒకడై, ఐరావతమెక్కి, మండపాల కప్పు మీద తూర్పు దిక్కు కాస్తున్నాడు. ప్రత్యేక ఆలయాలు లెక్కపెడితే అగ్ని పేరు పక్కన దాదాపు సున్నా పడుతుంది. హోమాలు, పెళ్లిళ్లు లెక్కపెడితే ఆయన లేనిది పని జరగదు. అందుకే గుడుల లెక్క, కర్మల లెక్క ఎప్పుడూ వేరువేరు గళ్లలోనే వేయండి.